రాబోయే ఫిట్టర్లు

రేవులంక పురపాలక సంఘంలో ఇంజనీరింగు విభాగం వాళ్ళు నాలుగేళ్ళుగా కాగితం మీద క్రికెట్టు ఆడుతున్నారు. ఏడాది మొదట్లో వంతుల ప్రకారం ఒక్కొక్కరూ నిజమైన ఆటగాళ్ళను ఎంచుకుని, ఇది నా జట్టు అని రాసుకుంటారు. ఆ ఆటగాళ్ళు మైదానంలో కొట్టిన పరుగులు, తీసిన వికెట్లు వీళ్ళకి పాయింట్లుగా జమవుతాయి. ఏడాది చివర ఐదుగురిని అట్టేపెట్టుకుని మిగతావాళ్ళను వదిలెయ్యాలి. మధ్యలో ఒకరి ఆటగాణ్ణి ఇంకొకరికి ఇచ్చి పుచ్చుకోవచ్చు. ఆటగాడికి బదులు వచ్చే ఏడాది ఎంపికలో మొదటి వంతు కూడా పుచ్చుకోవచ్చు.

మూడో జోను నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజనీరు వాసంశెట్టి ధనుంజయ మొదటి రెండేళ్ళూ ఆఖరి స్థానంలో ఉన్నాడు. మూడో ఏడు సగంలో అతనికి ఒక ఆలోచన తట్టింది. తన జట్టులో ముప్పై అయిదు దాటినవాళ్ళందరినీ, ఆ ఏడాదే గెలవాలని తొందరపడుతున్నవాళ్ళకు ఇచ్చేసి, వాళ్ళ మరుసటి ఏటి మొదటి వంతులన్నీ తన పేర రాయించుకున్నాడు. ఆ ఏడు మళ్ళీ ఆఖరున వచ్చాడు. నాలుగో ఏడు కుర్రాళ్ళతో నిండిన జట్టుతో కప్పు కొట్టాడు.

కప్పు ఇవ్వడానికి కమిషనర్ చంద్రచూడ్ గారు వచ్చారు. ఆయన ఆ వారమే మానవ వనరుల నిర్వహణ మీద అయిదు రోజుల శిక్షణ పూర్తి చేసుకుని తిరిగొచ్చారు. అయిదు రోజుల్లో నేర్చుకున్నదానికి ఇంకా చోటు దొరకలేదు. కప్పు చేతిలో పట్టుకుని, ఎలా గెలిచారని మర్యాదకి అడిగారు. ధనుంజయ మర్యాదకి కాకుండా వివరంగా చెప్పాడు. కమిషనర్ గారు కప్పు ఇవ్వడం మర్చిపోయారు.

"అంటే, అరిగిపోతున్న వనరుని ఇచ్చి, ఉదయించబోయే వనరు మీద హక్కు పొందారన్నమాట" అన్నారు.

"అంతేనండి."

"మనం వర్తమానంలో ఆడుతున్నాం ధనుంజయ గారూ. గెలిచేవాళ్ళు భవిష్యత్తులో ఆడతారు."

ధనుంజయకి నలభై నాలుగేళ్ళు. ఇరవై మూడో ఏట ఉద్యోగంలో చేరాడు. ఇన్నేళ్ళలో ఒక కమిషనర్ అతన్ని పేరు పెట్టి 'గారూ' అని పిలవడం అదే మొదలు. ఆ రోజంతా అతను నేల మీద నడవలేదు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఏబది సంవత్సరములు నిండిన సిబ్బందిని ఇకమీదట పరిణత వనరులుగాను, భవిష్యత్తులో నియామకము కాబోవు సిబ్బందిని ఉదయ వనరులుగాను పరిగణించవలెను. ప్రతి జోనల్ అధికారి తన పరిణత వనరులను ఇతర జోన్లకు బదలాయించి, ప్రతిగా ఉదయ వనరులపై ముందస్తు ఎంపిక హక్కును పొందవచ్చును" అని మొదలై, ధనుంజయ చేతే రాయించిన నిబంధనలతో పదమూడు పేరాలు నడిచి, ఈ విధానానికి కన్వీనరుగా శ్రీ వాసంశెట్టి ధనుంజయను నియమిస్తూ ముగిసింది. డిప్యూటీ ఇంజనీరు పోస్టు ఒకటి ఖాళీగా ఉందని, కన్వీనర్లను ప్రభుత్వం గుర్తిస్తుందని కమిషనర్ గారు నోటిమాటగా చెప్పారు.

మార్పిడి రోజున కౌన్సిల్ హాల్లో బల్లలు వేశారు. అయిదు జోన్ల వాళ్ళూ జాబితాలు పట్టుకుని కూర్చున్నారు. మొదటి గంట మొహమాటంగా గడిచింది. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని టీ తాగిన మనిషిని ఎవరికి ఇవ్వమంటారని అడగడం ఎవరికైనా కష్టమే. కమిషనర్ గారు వచ్చి, పేర్లు చదవకుండా వనరు సంఖ్య మాత్రమే చదవమన్నారు. ఆ తర్వాత చకచకా సాగింది.

ఒక్కటే చిక్కు. అందరూ ఇచ్చేవాళ్ళే, పుచ్చుకునేవాళ్ళు లేరు. పుచ్చుకున్నది ఒక్క అయిదో జోను ఏఈ గనిశెట్టి విమల. ఆమెది పల్లపు ప్రాంతం. గొట్టాలన్నీ పాతవి, జనం ఎక్కువ. ఆమె వచ్చినవాళ్ళను వచ్చినట్టు రాసుకుని, తన ఎంపిక హక్కుల్ని రాబోయే పదేళ్ళ వరకూ పంచిపెట్టేసింది.

"అలా ఇచ్చేస్తే మీకు భవిష్యత్తు మిగలదండి" అని ధనుంజయ ఆమెకి స్నేహంగా చెప్పాడు. కన్వీనరు కాబట్టి చెప్పడం బాధ్యత అనుకున్నాడు.

"నాకు రేపు పొద్దున్న అయిదున్నరకి నీళ్ళు వదలాలండి. దానికి మనుషులుంటే చాలు" అంది విమల.

ధనుంజయ దగ్గర పరిణత వనరు ఒక్కడే ఉన్నాడు. కట్టా ఏసుపాదం, వాల్వు ఫిట్టరు, యాభై ఎనిమిదేళ్ళు. మూడో జోనులో భూమిలోపల ఉన్న వాల్వులన్నీ అతనికి తెలుసు. ఎందుకంటే సగం అతను పాతినవే, మిగతా సగం మీద రోడ్లు వేస్తుంటే అతను నిలబడి చూసినవే. ధనుంజయ అతనికి బదులు విమల నుంచి రెండు మొదటి హక్కులు అడిగాడు. ఆమె మూడిచ్చింది. ఇంత తేలిగ్గా ఇచ్చేసిందేమిటని అతనికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, హాల్లో చప్పట్లు మోగడంతో పోయింది.

సాయంత్రం ఏసుపాదం ఆఫీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నన్ను అయిదో జోనుకి ఇచ్చేసేరంట కదండి."

"ఇచ్చెయ్యడం కాదు ఏసుపాదం, బదలాయింపు. నీకు మూడు హక్కులొచ్చాయి తెలుసా? ఇవాళ హాల్లో అదే రికార్డు."

"ఆ ముగ్గురూ ఎవురండి?"

"ఇంకా రాలేదు. నోటిఫికేషన్ పడాలి."

"పేర్లయినా తెలుసాండి?"

"ఉద్యోగంలో చేరాక తెలుస్తాయి."

ఏసుపాదం మొలనున్న తాళాల గుత్తి తీశాడు. "పోన్లెండి. మనిషి ఉన్నాడని తెలిస్తే, ఆడితో సరితూగలేదని బాధుండేది. ఇక్కడ ఎవుడూ లేడు కదా, ఎవుడికన్నా తక్కువని చెప్పుకోనండి" అని, దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట విన్నాక ధనుంజయకి ఆ తాళాలను సొరుగులో వెయ్యబుద్ధి కాలేదు. అయితే మర్నాడు కమిషనర్ గారి వరండాలో 'భవిష్యత్ బలం' అని పెద్ద బోర్డు వెలిసింది. అందులో మూడో జోను మొదటి స్థానంలో ఉంది. దాన్ని చూసొచ్చి తాళాలు సొరుగులో వేశాడు.

విధానం మిగతా విభాగాలకీ పాకింది. పారిశుధ్యం వాళ్ళు చెత్తబండ్ల డ్రైవర్లను ఇచ్చేసి రాబోయే డ్రైవర్లను పుచ్చుకున్నారు. బండ్లు షెడ్డులో ఉండిపోయాయి కాబట్టి డీజిల్ ఆదా అయిందని నివేదిక పంపారు. జనన మరణాల విభాగంలో పాత రిజిస్టర్ల గొలుసుకట్టు రాత చదవగల గుమాస్తా ఒక్కావిడే ఉండేది. ఆవిడను పార్కుల విభాగానికి ఇచ్చి రెండు హక్కులు తెచ్చుకున్నారు. దాంతో పెన్షను కోసం పుట్టినతేదీ పత్రం అడగొచ్చిన ముసలివాళ్ళంతా, రికార్డుల ప్రకారం తాము ఇంకా పుట్టలేదని తెలుసుకుని వెనక్కి పోయారు. ఆవిడ పార్కులో మొక్కలకు పేర్లు రాసి పెడుతోంది.

తర్వాత హక్కులకి హక్కులు మారాయి. ఒకటో జోను రాబోయే ఏడాది రెండో హక్కునిచ్చి, ఆ పై ఏడాది మొదటి హక్కు పుచ్చుకుంది. దానికి కమిషనర్ గారు సభలో శాలువా కప్పారు. అలా మారి మారి మూడో జోను హక్కులు మూడు కాస్తా పదకొండయ్యాయి. ఏ ఒక్కడూ ఇంకా ఉద్యోగంలో చేరలేదు. నోటిఫికేషన్ ప్రభుత్వ పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉన్నంతకాలం రాబోయేవాళ్ళు సెలవు పెట్టరు, యూనియన్ కట్టరు, మోకాళ్ళ నొప్పులంటూ ఆస్పత్రికి పోరు అని కమిషనర్ గారు విలేఖరులతో అన్నారు.

ఏప్రిల్ రెండో వారంలో మూడో జోనులో పాత సినిమా హాలు రోడ్డు కింద పెద్ద గొట్టం పగిలింది. రోడ్డు మధ్యలోంచి నీళ్ళు మనిషెత్తు లేచాయి. ముందు వాల్వు కట్టాలి. వాల్వు ఎక్కడుందో చూడమని ధనుంజయ తన సిబ్బందికి చెప్పాడు. సిబ్బంది అంటే ఒక కాంట్రాక్టు హెల్పరు, పదకొండు హక్కులు.

పటం తీశారు. పటంలో వాల్వు ఉంది. పటం గీసినప్పుడు ఉన్న రోడ్డు ఇప్పుడు లేదు. దాని మీద తారు, తారు మీద కంకర, కంకర మీద సిమెంటు పడ్డాయి. జేసీబీ పెట్టి ఒక గొయ్యి తవ్వించాడు. మట్టి వచ్చింది. రెండో గోతిలో టెలిఫోను తీగలు తెగి, బ్యాంకు మూతపడింది. ఆరో గోతిలో మొదటి గోతి నీళ్ళు వచ్చాయి. చివరికి జోను మొత్తానికి నీళ్ళు పంపే ట్యాంకునే ఆపించాడు. రోడ్డు మీద నీళ్ళు ఆగాయి. రెండువేల ఇళ్ళల్లోనూ ఆగాయి.

మూడో రోజు బిందెలతో ఆడవాళ్ళు ఆఫీసు ముందు కూర్చున్నారు. కుళాయి రాక ఒక ఇంట్లో పురుడు పోసుకున్న పిల్లకి స్నానం లేదని ఒకావిడ చెబుతుంటే, ధనుంజయ ఆమె మొహం చూడలేక బల్ల మీద కాగితాలు సర్దాడు. కమిషనర్ గారికి ఫోన్ చేశాడు.

"ఏసుపాదాన్ని రెండు రోజులు పంపమని అయిదో జోనుకి చెప్పండి సార్."

"పేరా తొమ్మిది చూడండి. తాత్కాలికంగా ఇచ్చి పుచ్చుకోవడం నిషిద్ధం. మీరు రాసిన పేరాయే."

"నేనే రాశాను సార్."

"చాలా ముందుచూపుతో రాశారు. ఇక ఆ గోతుల్ని గోతులనకండి, భూగర్భ అధ్యయనం అనండి."

ధనుంజయ విమల దగ్గరికి వెళ్ళాడు. ఆమె జోనులో మనుషులు అరుగు మీద కూర్చుని పొద్దుటి డ్యూటీ ముగించుకుని మరమరాలు తింటున్నారు. అందరికీ జుట్టు తెల్లగా ఉంది. కుళాయిలన్నీ వస్తున్నాయి.

"పదకొండు హక్కులూ మీకే ఇచ్చేస్తానండి. ఏసుపాదాన్ని తిరిగి ఇవ్వండి" అన్నాడు.

"వాటితో నేనేం చేసుకోనండి? అయినా పేరా పది ప్రకారం, ఇచ్చినవాణ్ణి అదే ఏడు తిరిగి పుచ్చుకోకూడదుగా. మీరు మర్చిపోయినట్టున్నారు." ఆమె వెటకారంగా అనలేదు. అందుకే అతనికి ఇంకా గట్టిగా తగిలింది.

ఏసుపాదం అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు.

మర్నాడు సోమవారం. పురపాలక ఆఫీసులో ఫిర్యాదుల రోజు. టోకెన్ నంబరు పధ్నాలుగు పట్టుకుని ఏసుపాదం వరసలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూట సెలవు పెట్టి వచ్చాడు. అతని ఇల్లు మూడో జోనులోనే ఉంది. వంతు రాగానే కాగితం కమిషనర్ గారి ముందు పెట్టాడు. పక్కనే ధనుంజయ కూర్చుని ఉన్నాడు.

"అయ్యా, మా వీధిలో నాలుగు రోజులుగా నీళ్ళు రావడం లేదు. ఇందుకు సంబంధించిన వాల్వు పాత సినిమా హాలు మెట్ల నుంచి తూర్పుకి పదకొండు అడుగుల్లో, రోడ్డుకి నాలుగడుగుల కింద ఉన్నది. అది అన్ని వాల్వుల్లాంటిది కాదు. ఎడమకి తిప్పితే కట్టుకుంటుంది. కుడికి తిప్పినచో ఇంకా తెరుచుకుంటుంది. మూడో జోను ఏఈ గారి మీద తగు చర్య తీసుకోవలెనని ప్రార్థన. ఇట్లు, కట్టా ఏసుపాదం, కుళాయి పన్ను చెల్లించు పౌరుడు."

కమిషనర్ గారు రెండుసార్లు చదివారు. "వనరుగా వచ్చి ఉంటే నిరాకరించేవాణ్ణి. పౌరుడిగా వచ్చారు కాబట్టి స్వీకరిస్తున్నాను" అని సంతకం పెట్టారు. మధ్యాహ్నానికి వాల్వు దొరికింది. మెట్ల నుంచి తూర్పుకి పదకొండు అడుగులు, ఒక అంగుళం అటూ ఇటూ కాదు. సాయంత్రానికి గొట్టం అతికి నీళ్ళొచ్చాయి. పౌర భాగస్వామ్యంతో భూగర్భ అధ్యయనం జయప్రదం అని కమిషనర్ గారు ప్రకటన ఇచ్చారు. తగు చర్య కింద ధనుంజయకి మెమో ఇచ్చారు.

మెట్ల మీద ధనుంజయ ఏసుపాదాన్ని ఆపాడు. "నా మీద చర్య తీసుకోమని రాశావే" అన్నాడు.

"అది రాయకపోతే ఫిర్యాదు అవ్వదంటండి. ఫారం రాసిపెట్టినాయన చెప్పేడు." ఏసుపాదం రెండు మెట్లు దిగి ఆగాడు. "అయినా రాయాలనిపించిందండి కూడా."

ధనుంజయ ఆ రాత్రి సరిగ్గా తినలేదు. విధానం రద్దు చెయ్యమని ఉత్తరం రాద్దామని కూర్చున్నాడు. మర్నాడు ఆ ఉత్తరం ఆఫీసుకి పట్టుకెళ్ళేసరికి, ఎదురుచూస్తున్న వార్త వచ్చింది. ప్రభుత్వ పరిశీలన పూర్తయింది. రేవులంకకి ఫిట్టరు పోస్టు ఒకటి మంజూరైంది. ఒక్కటే. హక్కుల పట్టిక చూస్తే మొదటి హక్కు ధనుంజయది. ఉత్తరం చొక్కా జేబులోనే ఉండిపోయింది.

కమిషనర్ గారు స్వాగత సభ పెట్టించారు. 'యువశక్తికి సుస్వాగతం' అని గుడ్డ కట్టారు. నాదస్వరం వాళ్ళను పిలిచారు. పదిన్నరకి ఆటోలోంచి ఒక మనిషి దిగాడు. తెల్ల జుట్టు, కళ్ళద్దాలు, చేతిలో సంచి. కమిషనర్ గారు ఎదురెళ్ళి ఆయన్ను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టారు.

"అబ్బాయి వెనకాల వస్తున్నాడాండి?"

"నేనేనండి అబ్బాయిని" అన్నాడు ఆయన.

పేరు కుడుపూడి గౌరీనాథం. ఇరవై నాలుగేళ్ళ కిందట, ఇరవై తొమ్మిదో ఏట ఫిట్టరు పరీక్ష రాశాడు. పాసయ్యాడు. ఆ పరీక్ష మీద ఎవరో కోర్టుకి వెళ్ళారు. తీర్పు పోయిన నెల వచ్చింది. ఈలోగా ట్యూషన్లు చెప్పాడు, గొడుగులు బాగుచేశాడు, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. నియామకపు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరుని గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు. దాన్ని మడత మడతా విప్పి కమిషనర్ గారి ముందు పెట్టాడు. నాదస్వరం వాళ్ళు వాయించాలో వద్దో తెలీక ఆగిపోయారు.

"అంటే ఇప్పుడు వీరికి..." అన్నారు కమిషనర్ గారు.

"యాభై మూడండి."

సర్క్యులర్ ప్రకారం ఉదయ వనరు ఉదయించిన రోజునే పరిణత వనరైపోయింది. అప్పటికప్పుడు మార్పిడి జాబితాలో పెట్టాలి. గౌరీనాథం అందరి మొహాలూ చూశాడు. "ఏమన్నా తేడా వచ్చిందాండి? మళ్ళీ కోర్టుకెళ్ళాలాండి?" అని మెల్లిగా అడిగాడు.

ధనుంజయకి ఆ ప్రశ్న భరించరానిదైంది. ఏసుపాదాన్నిచ్చి ఈ మనిషిని తెచ్చుకున్నాడు. ఈయన్ని కూడా సాయంత్రంలోగా ఎవరికో అంటగట్టడం తన వల్ల కాదనుకున్నాడు. అదే సమయంలో బోర్డు మీద మొదటి స్థానం పోవడం కూడా ఇష్టం లేదు. ఈ రెండు బాధలూ కలిసి అతని బుర్రకి పదును పెట్టాయి. అక్కడికక్కడే కాగితం తీసి సవరణ రాశాడు. "వయస్సు అనగా పుట్టిన తేదీ నుండి కాక, శాశ్వత నియామకపు తేదీ నుండి లెక్కించవలెను. అట్లు ఇరువది సంవత్సరములు నిండిన వారిని మాత్రమే పరిణత వనరులుగా పరిగణించవలెను."

కమిషనర్ గారు చదివి అతన్ని కౌగిలించుకున్నంత పని చేశారు. సంతకమైంది. గౌరీనాథానికి ఆ క్షణాన వయసు సున్నా. నాదస్వరం మొదలైంది. దండ వేస్తే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు సవరించిన జాబితా బోర్డుకెక్కింది. నీటి సరఫరాలో ముసలివాళ్ళంతా మొదట రోజుకూలీకి చేరి, పధ్నాలుగేళ్ళ కిందట ఒకేసారి పర్మనెంటు అయినవాళ్ళు. ఏసుపాదానికి పధ్నాలుగు నిండాయి. విమలకి పదిహేడు. విభాగం మొత్తంలో ఇరవై దాటిన పరిణత వనరు ఒక్కటే తేలింది. వయసు ఇరవై ఒకటి. పేరు వాసంశెట్టి ధనుంజయ.

"కమిషనర్ స్థాయి వారికి ఇది వర్తించదు. పేరా పన్నెండు" అన్నారు చంద్రచూడ్ గారు, అడక్కుండానే. "మీకు ప్రతిగా మూడో జోనుకి రాబోయే ఇంజనీరు మీద మొదటి హక్కు రాయించాను. మీరు గర్వపడాలి."

మూడో జోను ఏఈ కుర్చీని రాబోయే ఇంజనీరు కోసం తుడిచి ఉంచారు. ధనుంజయని ఎవరూ తీసుకోలేదు, విమల తప్ప. ఆమె జోనులో ఏఈ ఆమే కాబట్టి రెండో ఏఈకి గదీ లేదు, బల్లా లేదు.

"మీరేం అనుకోకపోతే కొన్నాళ్ళు ఫీల్డులో తిరగండి. మా ఏసుపాదం చూపిస్తాడు" అంది.

అలా ఒక పొద్దున్న ఆరింటికి ధనుంజయ పల్లపు వీధిలో ఏసుపాదం పక్కన నిలబడ్డాడు. ఏసుపాదం బారెడు ఇనుప కడ్డీని భూమిలోకి గుచ్చి, గొట్టానికి ఆనించి, రెండో కొస అతని చెవి దగ్గర పెట్టాడు.

"వినండి."

ధనుంజయ మోకాళ్ళ మీద కూర్చుని విన్నాడు. మొదట తన ఊపిరి వినిపించింది. తర్వాత చాలా కింద, సన్నగా, ఆగకుండా ఒక చప్పుడు. ఇరవై ఒక్క ఏళ్ళు నీటి సరఫరాలో పనిచేసి అతను ఎన్నో సంతకాలు పెట్టాడు కానీ, భూమిలో నీళ్ళు పోతుంటే ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు.

"లీకా?" అని అడిగాడు, కడ్డీ వదలకుండా.

"కాదండి. మామూలుగా పోతన్నాయి" అన్నాడు ఏసుపాదం. "ముందు ఇది చెవికి అలవాటవ్వాలండి. లీకు సంగతి వచ్చే వారం చూద్దారి."